16 కోర్ల కొత్త సర్వర్ కన్నా పాత డబ్బానే నయం అనిపిస్తోంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ తెలిసినవాళ్లు కాస్త చూడండి

బెజవాడ_సిస్టమ్స్:

నమస్తే అండి అందరికీ. నేను డీబీఏని (డేటాబేస్‌లు చూసుకునే నిపుణుణ్ని) కాదు ముందే చెప్పేస్తున్నా, విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో సిస్టమ్స్ చూస్తా, ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కుంటే లాగడం దగ్గర్నుంచి డేటాబేస్ బ్యాకప్ దాకా అన్నీ నా నెత్తినే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 స్టాండర్డ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్) మీద నడుస్తుంది, డేటాబేస్ 180 జీబీ దాకా ఉంది, సాయంత్రం పూట 60, 70 మంది లాగిన్ అయి ఉంటారు.

పాత సర్వర్ ఆఫీసులోనే ఉండేది. రెండు ప్రాసెసర్లు, ఒక్కోదానికి 6 కోర్లు (లోపల విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), 32 జీబీ ర్యామ్, అందులో ఎస్‌క్యూఎల్ 2012. ఏడేళ్లు లాగాం. ఈమధ్య దాని ఫ్యాన్ సౌండ్ వింటేనే భయమేస్తోందని మూడు నెలల కింద ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర వీఎం (వాళ్ల పెద్ద మెషీన్‌లో సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సర్వర్) తీసుకున్నాం, 16 సీపీయూలు, 64 జీబీ ర్యామ్, డిస్కులన్నీ ఎస్‌ఎస్‌డీ. ఓనర్ గారి చేత కోర్ లైసెన్సులు కొనిపించింది కూడా నేనే, 16 కోర్లకి 8 ప్యాకులు, ఆ బిల్లు చూసి ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు సంగతేంటంటే కొత్తది పాతదానికన్నా స్లో. సాయంత్రం 5 నుంచి 8 మధ్య రూట్ బిల్లులు పడే టైమ్‌లో సేవ్ కొడితే గిర్రున తిరుగుతూనే ఉంటుంది, ఒక్కోసారి 20 సెకన్లు, ఈలోపు ఆపరేటర్లు మళ్లీ నొక్కేస్తారు. అకౌంట్స్ వాళ్లు తీసే స్టాక్ వాల్యుయేషన్ రిపోర్టు పాతదాంట్లో 25 నిమిషాలు, ఇక్కడ 40. హోస్టింగ్ వాళ్లకి టికెట్ పెడితే వాళ్లు స్క్రీన్‌షాట్ తీసి పంపారు, మీ సీపీయూ 25 శాతం దాటట్లేదు కాబట్టి సీపీయూ ప్రాబ్లం లేదు, ర్యామ్ మాత్రం 96 శాతం నిండిపోయింది, 128కి అప్‌గ్రేడ్ చేయించుకోండి అని, దాంతోపాటే కొటేషన్. ఇప్పుడు మళ్లీ ఓనర్ దగ్గరికెళ్లి ఇంకో 64 జీబీ కావాలని అడిగే ధైర్యం నాకు లేదండి. నిజంగానే ర్యామ్ చాలట్లేదా? అసలు ఈ డేటాబేస్ అన్ని కోర్లనీ వాడుతుందా, లేక మనమే ఏదైనా సెట్టింగ్ పెట్టాలా?

క్వెరీ_కింగ్:

బ్రో ఇది ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి ఉన్న పాత రోగం, మెమరీ లీక్. తిన్న ర్యామ్ కక్కదు. మా దగ్గరా ఇంతే, నేను రోజూ రాత్రి 2కి సర్వీస్ రీస్టార్ట్ అయ్యేలా జాబ్ పెట్టేశా, పొద్దున చూస్తే ర్యామ్ 10 శాతమే ఉంటుంది, హాయిగా ఉంది. ట్రై చెయ్.

ముసలి_డీబీఏ:

కింగ్ తమ్ముడూ కోప్పడకు గానీ, అది లీక్ కాదు, నీ మందే రోగం. రోజూ పొద్దున 9కి మీవాళ్లు స్లోగా ఉందని ఫోన్లు చేస్తుంటారా? చేస్తూనే ఉంటారు.

బెజవాడ గారూ, మీ ఏజెన్సీ సంగతే తీసుకోండి. వెనకాల గోడౌన్, కౌంటర్ పక్కన ర్యాకులు. ఎవరో ఒక ఐటమ్ అడిగితే కుర్రాడు గోడౌన్‌కెళ్లి కార్టన్ తెస్తాడు, మిగిలింది మళ్లీ లోపలికి మోసుకుపోడు కదా, ర్యాకులో పెట్టేస్తాడు, ఇంకో పది నిమిషాల్లో ఇంకొకడు అడుగుతాడని. మధ్యాహ్నానికి ర్యాకులన్నీ నిండుతాయి. నిండిన ర్యాకుని చూసి షాపుకి జబ్బు చేసిందంటామా? ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా డిస్క్ నుంచి 8 కేబీ పేజీల లెక్కన చదువుతుంది, చదివిన పేజీని ర్యామ్‌లో బఫర్ పూల్ అనే ర్యాకులో ఉంచుకుంటుంది, విండోస్ నాకు చాలట్లేదు అని సైగ చేసేదాకా వెనక్కివ్వదు. మ్యాక్స్ సర్వర్ మెమరీ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా 2147483647 ఎంబీ, అంటే హద్దే లేదన్నమాట. 180 జీబీ డేటాబేస్‌కి 64 జీబీ ఇస్తే 96 శాతం కాక ఇంకెంత చూపిస్తుంది. 128 ఇస్తే అందులోనూ 90 పైనే చూపిస్తుంది, అప్పుడు 256కి కొటేషన్ పంపిస్తారు, 2019 స్టాండర్డ్‌లో బఫర్ పూల్ 128 జీబీ దాటదు కాబట్టి ఆ డబ్బు కృష్ణలో పోసినట్టే. కింగ్ చేస్తున్నది రోజూ రాత్రి ర్యాకులన్నీ ఖాళీ చేసి గోడౌన్‌లో పడేయడం. పొద్దున మొదటి కస్టమర్ నుంచి మళ్లీ అన్నీ మోసుకురావాల్సిందే.

నాకు అనుమానం కొట్టింది ర్యామ్ దగ్గర కాదు, ఆ 25 శాతం దగ్గర. 24 కాదు 31 కాదు, 25 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతోందంటే... 16లో పావు వంతు ఎంతో మీరే లెక్కేసుకోండి. రెండు పనులు చేయండి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు (విండోస్‌కి కనిపించే కోర్లు) విడివిడిగా కనిపించేలా పెట్టండి, ఎన్ని పైకి లేస్తున్నాయో చూడండి, పక్కనే సాకెట్స్ అని ఒక అంకె ఉంటుంది అదీ చెప్పండి. రెండోది, ఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్‌లో సర్వీస్ స్టార్ట్ అయిన వెంటనే ఉన్న మొదటి పది పదిహేను లైన్లలో సాకెట్స్ అనే మాట ఎక్కడుందో వెతికి ఆ లైన్ పెట్టండి. సాయంత్రం పీక్‌లో ఉన్నప్పుడే గ్రాఫ్ చూడండి.

బెజవాడ_సిస్టమ్స్:

సార్ చూశా, నాకు మతి పోయింది. ఇప్పుడు టైమ్ 6:40, మొదటి 4 బాక్సులు నిండా నీలంగా ఉన్నాయి, మిగతా 12 బాక్సుల్లో అడుగున గీత తప్ప ఏం లేదు. సాకెట్స్ 16 అని ఉంది. లాగ్‌లో ఉన్నది ఉన్నట్టు కొడుతున్నా: ఎస్‌క్యూఎల్ సర్వర్ డిటెక్టెడ్ 16 సాకెట్స్ విత్ 1 కోర్స్ పర్ సాకెట్ అండ్ 1 లాజికల్ ప్రాసెసర్స్ పర్ సాకెట్, 16 టోటల్ లాజికల్ ప్రాసెసర్స్, యూజింగ్ 4 లాజికల్ ప్రాసెసర్స్ బేస్డ్ ఆన్ ఎస్‌క్యూఎల్ సర్వర్ లైసెన్సింగ్. దాని తర్వాత ఇది సమాచారం కోసం మాత్రమే, మీరేం చేయక్కర్లేదు అన్నట్టు ఇంగ్లీషులో ఉంది.

లైసెన్సింగ్ అంటుందేంటి సార్, 16కీ డబ్బు కట్టాం కదా?

ముసలి_డీబీఏ:

దొరికింది. మీరేం చేయక్కర్లేదు అని రాసినవాణ్ని పట్టుకుని మీ ఓనర్ ముందు నిలబెట్టాలి.

లైసెన్సు ఎన్నిటికి కొన్నారన్నది ఇక్కడ దానికి తెలియదు. 2019 స్టాండర్డ్ ఎడిషన్‌కి ఒక హద్దుంది, 4 సాకెట్లు లేదా 24 కోర్లు, రెండిట్లో ఏది తక్కువైతే అది. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. వీఎంలో అసలు గూళ్లు ఉండవు కదా, తయారుచేసేవాడు ఏది చెబితే అది. ఆ కుర్రాడు సీపీయూ దగ్గర 16 అని కొట్టి, కోర్స్ పర్ సాకెట్ దగ్గర 1 అలా వదిలేశాడు. విండోస్‌కి 16 గూళ్లలో ఒక్కో కోరు కనిపించింది, విండోస్‌కి అది సమస్యే కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ మాత్రం నాకు 4 గూళ్లే అలవెన్సు అని 4 పట్టుకుని మిగతా 12ని వదిలేసింది. మీ పాత సర్వర్‌లో 2 గూళ్లు, 12 కోర్లు, మొత్తం 12 వాడేది. అంటే 12 నుంచి 4కి వచ్చి రాకెట్ అనుకున్నారు మీరు. పైపెచ్చు వీఎంలో కనిపించే అన్ని కోర్లకీ లైసెన్సు కొనాల్సిందే, కాబట్టి 12 కోర్లకి మూడు నెలలుగా ఊరికే కట్టారు.

డీఎం ఓఎస్ షెడ్యూలర్స్ అనే వ్యూ చూస్తే 4 లైన్లకి విజిబుల్ ఆన్‌లైన్, 12కి విజిబుల్ ఆఫ్‌లైన్ అని ఉంటుంది, హోస్టింగ్ వాళ్లకి చూపించడానికి ఆ ఫోటో పనికొస్తుంది.

లోపల ఏం జరుగుతోందంటే, ఎస్‌క్యూఎల్ సర్వర్ థ్రెడ్లని (నడవాల్సిన పనుల్ని) విండోస్‌కి వదిలేయదు, సొంతంగా ఒక్కో లాజికల్ సీపీయూకి ఒక్కో షెడ్యూలర్ పెట్టుకుంటుంది. ఒక షెడ్యూలర్ మీద ఒక క్షణంలో నడిచేది ఒక్క పనే, అది 4 మిల్లీసెకన్లు నడిచాక తనంతట తాను పక్కకి తప్పుకుని తర్వాతవాడికి చోటివ్వాలి, మధ్యలో డిస్కు కోసమో లాక్ కోసమో ఆగాల్సొస్తే అంతకుముందే దిగిపోతుంది. మీ 70 మందీ 4 కౌంటర్ల ముందు లైన్ కట్టారు, 12 కౌంటర్లకి షట్టర్ వేసుంది. అదీ మీ 20 సెకన్లు. ఇందులో ఎవరైనా సేల్స్ రిజిస్టర్ లాంటి పెద్ద రిపోర్టు కొట్టారనుకోండి, పని ఎలా నడపాలో తేల్చే ఆప్టిమైజర్ దాన్ని ముక్కలు చేసి ఉన్న నాలిగింటికీ పంచేస్తుంది, ఇక బిల్లులవాళ్ల గతి చెప్పక్కర్లేదు.

చేయాల్సింది: ఆదివారం వీఎం ఆఫ్ చేయించి (ఆన్‌లో ఉండగా ఇది మారదు) 2 సాకెట్లు, ఒక్కోదానికి 8 కోర్లు పెట్టమనండి. వాళ్ల అసలు మెషీన్‌లో ప్రాసెసర్‌కి 16 పైన కోర్లుంటే ఒకే సాకెట్‌లో 16 పెట్టినా పర్లేదు. ఎందుకు అడగాలంటే పెద్ద సర్వర్లలో ప్రాసెసర్ దేని ర్యామ్ దానికి దగ్గర్లో ఉంటుంది, పక్క ప్రాసెసర్ ర్యామ్ నుంచి తెచ్చుకోవడం కొంచెం లేటు, దీన్నే న్యూమా అంటారు, వీఎం లెక్క కింద అసలు లెక్కతో కలిస్తే మంచిది. మీ సైజుకి దీని మీద నిద్ర పాడుచేసుకోవద్దు.

తర్వాత మ్యాక్స్ సర్వర్ మెమరీ. మీ బిల్లింగ్ అప్లికేషన్ సర్వీస్ కూడా అదే వీఎంలో ఉందా? ఉంటే 49152 ఎంబీ, అంటే 48 జీబీ పెట్టండి, లేకపోతే 56 దాకా వెళ్లొచ్చు. హద్దు లేకుండా వదిలేస్తే ఎస్‌క్యూఎల్ తినేసి, అప్లికేషన్ పేజ్ ఫైల్‌లోకి, అంటే డిస్కు మీదకి జారుతుంది.

మూడోది మ్యాక్స్‌డాప్, అంటే ఒక క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) గరిష్ఠంగా ఎన్ని కోర్ల మీద పరుచుకోవచ్చో. 2019 సెటప్‌లో దానికి ఒక ట్యాబే ఉంది, అయినా మీ దాంట్లో ఎంతుందో చూడండి. 0 ఉంటే దొరికినన్ని అని అర్థం, మీరు 8 పెట్టండి. దాని పక్కనే కాస్ట్ థ్రెషోల్డ్ ఫర్ ప్యారలలిజం అని ఉంటుంది, డిఫాల్ట్ 5, ఏనాటి మెషీన్లకి పెట్టిన అంకో అది, ఇవాళ్టికీ మార్చలేదు. 50తో మొదలుపెట్టండి. రెండు స్ట్రిప్పుల బిల్లుకి ఎనిమిది మంది కుర్రాళ్లని గోడౌన్‌లోకి తోలితే పని కన్నా పిలుపులే ఎక్కువవుతాయి, ఆ అంకె చేసేది అది, ఇంత బరువు దాటిన క్వెరీకే మనుషుల్ని పంచు అని. ఇక పెద్ద బిల్లుకి ఎనిమిది మందిని తోలినా ఏడుగురు తెచ్చేసి, ఫ్రిజ్ ఐటమ్స్ తేవాల్సినవాడు ఇంకా రాక అందరూ ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడి ఉంటారు చూడండి, వెయిట్ స్టాట్స్‌లో (పనులు దేనికోసం ఆగాయో చెప్పే లెక్కలో) సీఎక్స్ ప్యాకెట్ అని కనిపించేది అదే. అది చూసి గాభరాపడి మ్యాక్స్‌డాప్ 1 పెట్టేసే జనం ఉన్నారు, అది మాత్రం చేయకండి.

ఈ మూడు సెట్టింగులకీ రీస్టార్ట్ అక్కర్లేదు, కాకపోతే మార్చగానే ప్లాన్ క్యాష్ (క్వెరీలు ఎలా నడపాలో దాచుకున్న చోటు) ఖాళీ అవుతుంది, బిల్లుల టైమ్‌లో ముట్టుకోవద్దు.

ఏనుగు_భక్తుడు:

అందుకేనండీ పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కి రమ్మనేది. సాకెట్ల లెక్కలూ కోర్ల ప్యాకులూ ఏమీ ఉండవు, ఎన్ని కోర్లుంటే అన్ని వాడుకోవచ్చు, ఫ్రీ.

క్వెరీ_కింగ్:

అవును, 70 మంది బిల్లులు ఆపేసి రేపు పొద్దున్నే మారిపోతారు లే. అయినా పోస్ట్‌గ్రెస్‌లో అన్నీ ఆటోమేటిగ్గా అయిపోతాయా?

ఏనుగు_భక్తుడు:

అవ్వవు, ఒప్పుకుంటా. దాని తలనొప్పులు దానికున్నాయి. ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ పుడుతుంది. ఒక క్వెరీని చాలా కోర్లకి పంచడం 2016లో 9.6తో వచ్చింది, ఇప్పటికీ డిఫాల్ట్‌గా ఒక గ్యాదర్‌కి (పంచిన పనిని మళ్లీ ఒకచోట కలిపే దశకి) 2 వర్కర్లే (సాయం చేసే ప్రాసెస్‌లు) ఇస్తుంది. మెమరీ కూడా అంతే, షేర్డ్ బఫర్స్ (దీని ర్యాకు) డిఫాల్ట్ 128 ఎంబీ, మనమే పెంచుకోవాలి. నేను దెబ్బ తిన్నది మాత్రం వర్క్ మెమ్ (సార్టింగ్ లాంటి పనులకిచ్చే మెమరీ) దగ్గర. డిఫాల్ట్ 4 ఎంబీ ఉంటుంది, సార్టింగ్ డిస్కు మీదకి పోతోందని, ర్యామ్ 64 ఉంది కదా అని 256 ఎంబీ పెట్టేశా. అది మొత్తం సర్వర్‌కి అనుకున్నా. కాదు, ఒక్కో కనెక్షన్‌కి కూడా కాదు, ఒక్కో క్వెరీలో ఉన్న ఒక్కో సార్ట్‌కీ ఒక్కో హాష్‌కీ (టేబుళ్లని జత కలపడానికి కట్టే పట్టిక) అంత, ప్యారలల్ వర్కర్లుంటే వాటికి మళ్లీ విడిగా. 200 కనెక్షన్లు ఒక్కసారి పడ్డాయి, 200 ఇంటూ 256 అంటేనే 50 జీబీ, పైన చెప్పినవన్నీ కలిపితే ఎక్కడికో పోయింది. మెమరీ అయిపోతే ప్రాసెస్‌ల్ని చంపే లినక్స్ ఓఓఎం కిల్లర్ వచ్చి ఒక ప్రాసెస్‌ని చంపింది, ఒక్కటి అలా చచ్చిపోతే షేర్డ్ మెమరీ పాడైందేమో అన్న భయంతో పోస్ట్‌గ్రెస్ అందరి కనెక్షన్లూ తెంపేసి రికవరీకి పోతుంది. నెలాఖరు సాయంత్రం. తర్వాత వర్క్ మెమ్ 16కి దించి, పెద్ద రిపోర్టు సెషన్‌లో మాత్రం సెట్ చేసుకుని, డేటాబేస్ ముందు పీజీబౌన్సర్ (కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచేది) పెట్టాక కుదురుకుంది.

ముసలి_డీబీఏ:

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీనికి తిరగేసిన బాధ. ఇక్కడ క్వెరీ మొదలయ్యే ముందే నాకింత బల్ల కావాలి అని మెమరీ గ్రాంట్ అడిగి రిజర్వ్ చేసుకుంటుంది, అదీ అంచనా మీద. తక్కువ అంచనా వేస్తే టెంప్ డీబీలోకి, అంటే డిస్కు మీదకి పొంగిపోతుంది, ఎక్కువ వేస్తే బల్ల ఖాళీగానే ఉంటుంది కానీ పక్కవాడికివ్వరు, రిసోర్స్ సెమఫోర్ వెయిట్ అనే క్యూలో నిలబడతాడు. సర్వర్ పడిపోదు గానీ జనం ఆగిపోతారు. స్టాటిస్టిక్స్ (టేబుల్‌లో ఏ డేటా ఎంతుందో రాసుకున్న లెక్క) అప్‌డేట్ అవుతున్నాయో లేదో చూసుకోండి బెజవాడ గారూ, అంచనాలన్నీ వాటి మీదే.

బెజవాడ_సిస్టమ్స్:

అప్‌డేట్. హోస్టింగ్ వాళ్లు ముందు అలాంటిదేం ఉండదు అన్నారు, లాగ్ లైనూ షెడ్యూలర్ల ఫోటో పంపాక సైలెంట్ అయిపోయి ఆదివారం పొద్దున మార్చారు, 2 సాకెట్లు 8 కోర్లు. లాగ్‌లో ఇప్పుడు యూజింగ్ 16 లాజికల్ ప్రాసెసర్స్ అని ఉంది. అప్లికేషన్ అదే వీఎంలో ఉంది కాబట్టి మెమరీ 48 జీబీ, మ్యాక్స్‌డాప్ 0 ఉంటే 8 చేశా, థ్రెషోల్డ్ 50. సోమవారం సాయంత్రం పీక్‌లో బిల్లు సేవ్ ఒక సెకను, ఆపరేటర్లు నమ్మలేక రెండోసారి ఓపెన్ చేసి చూసుకున్నారు నిజంగా సేవ్ అయిందా అని. ముసలి సార్ మీరు విజయవాడ వస్తే భోజనం మాదే.

కానీ స్టాక్ వాల్యుయేషన్ మాత్రం 26 నిమిషాలు. 40 నుంచి తగ్గింది గానీ పాత సర్వర్ దగ్గరే ఆగింది. చూస్తే ఒకే ఒక్క కోర్ నిండుగా ఉంటుంది, మిగతావి ఖాళీగానే ఉంటాయి. 16 ఉండి ఏం లాభం?

వరంగల్_పోరడు:

అన్నా, ఆ రిపోర్టు క్వెరీల ఫంక్షన్ (విడిగ రాసి పెట్టుకున్న చిన్న ప్రోగ్రామ్) ఏమన్న పిలుస్తుండ్రా? సెలెక్ట్ లైన్ల డీబీఓ డాట్ అని మొదలయ్యేటిది. మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లల్ల ఇది కామన్ ఉంటది, అమౌంట్‌ని లక్షలు కోట్లు రూపాయలు మాత్రమే అని అక్షరాలల్ల రాసే ఫంక్షన్ ఒకటి, స్టాక్‌ని ఇన్ని స్ట్రిప్పులు ఇన్ని ట్యాబ్లెట్లు అని చూపెట్టే ఫంక్షన్ ఒకటి. ఇట్లాంటి స్కేలార్ (ఒక్క విలువనే ఇచ్చే) ఫంక్షన్ ఒక్కటున్నా సరే మొత్తం క్వెరీ ప్యారలల్ పోదు, ఒక్క కోర్ మీదనే నడుస్తది, పైనుంచి టేబుల్ల ఒక్కో రో (వరుస) కి ఒక్కోసారి పిలుస్తది. యాక్చువల్ ప్లాన్ (క్వెరీ ఎట్ల నడిచిందో చూపెట్టే బొమ్మ) తీసి మొదటి నోడ్ ప్రాపర్టీస్‌ల నాన్ ప్యారలల్ ప్లాన్ రీజన్ అని ఉంటది చూడు.

2019ల ఈ ఫంక్షన్లని క్వెరీలకే కలిపేసే ఇన్‌లైనింగ్ వచ్చింది, కానీ దానికి డేటాబేస్ కంపాటిబిలిటీ లెవల్ (ఏ వెర్షన్ లెక్క నడవాల్నో చెప్పే అంకె) 150 ఉండాలె. నువ్వు పాతదాని బ్యాకప్ తెచ్చి రిస్టోర్ చేసినవ్ కదా, అట్ల చేస్తే లెవల్ పాతదే ఉంటది, 110 అయ్యుంటది. ఊరికెనే 150 పెట్టకు మల్ల, వేరే క్వెరీల ప్లాన్లు మారుతయ్, టెస్ట్ కాపీ మీద చూస్కో. ఇంకోటి, ఫంక్షన్ లోపల వైల్ లూప్ (అదే పనిని మల్ల మల్ల తిప్పేటిది) ఉంటే ఇన్‌లైన్ కానే కాదు.

బెజవాడ_సిస్టమ్స్:

బ్రో నువ్వు మా ఆఫీసుకొచ్చి చూసినట్టే చెప్పావ్. ఒక్కో బ్యాచ్‌కి ముందొచ్చిన సరుకు ముందు లెక్కన విలువ కట్టే ఫంక్షన్ ఉంది, లోపల కొనుగోళ్ల టేబుల్ మీద వైల్ లూప్, లెవల్ 110 కరెక్ట్. మాకు 90 వేల బ్యాచ్‌లు, అంటే 90 వేల సార్లు లూప్ తిరుగుతోంది ఒకే కోర్ మీద. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేస్తే ఆ ఫంక్షన్ రాసినతను మానేసి వెళ్లిపోయాడట, ముట్టుకోవాలంటే భయపడుతున్నారు.

వరంగల్_పోరడు:

భయమేం లేదు, ఫంక్షన్ ముట్టుకోవద్దనే చెప్పు. రిపోర్టుకు వేరే ప్రొసీజర్ రాయమను, కొనుగోళ్లను తేదీ వరుసన సమ్ ఓవర్ పార్టిషన్ బై తోటి రన్నింగ్ టోటల్ తీస్తే లూప్ లేకుండనే అయితది. రెండూ పక్కపక్కన నడిపి టోటల్ కలుస్తుందా చూడమను, పైసతో సహా.

బెజవాడ_సిస్టమ్స్:

పది రోజులకి రాసిచ్చారు. మొదటిసారి టోటల్ 1,340 రూపాయలు తేడా వచ్చింది, వెతికితే పాత ఫంక్షనే సప్లయర్‌కి రిటర్న్ చేసిన సరుకుని ఒకచోట రెండుసార్లు తీసేస్తోంది, ఆ పంచాయితీ వేరే. రిపోర్టు ఇప్పుడు 3 నిమిషాల చిల్లర, 8 కోర్లు లేస్తున్నాయి కళ్లారా చూశా. ర్యామ్ కొటేషన్ మెయిల్‌కి జవాబివ్వలేదు.

ఆవకాయ_404:

మధ్యలో దూరుతున్నా సారీ. మాది చిన్న షాపు, ఎస్‌క్యూఎల్ 2019 ఎక్స్‌ప్రెస్, ఫ్రీ ది. కొత్తగా 12 కోర్లు 32 జీబీ పీసీ కొన్నాం దానికోసమే. మాకూ ఇలాంటి హద్దులున్నాయా?

ముసలి_డీబీఏ:

ఉన్నాయమ్మా, ఇంకా గట్టివి. 1 సాకెట్ లేదా 4 కోర్లు ఏది తక్కువైతే అది, బఫర్ పూల్ 1410 ఎంబీ, ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటకూడదు. మీ 32లో దాని ర్యాకుకి ఒకటిన్నర జీబీ కూడా అందదు. పీసీ వెనక్కి తీసుకుంటారేమో అడగండి, లేదంటే టాలీ కూడా అందులోనే పెట్టేసుకోండి.